రిజిస్ట్రేషన్ కాని డ్రోన్‌ని తయారీదారు ఎగరేసి చూసుకోవాలంటే ఎట్టా? నెల్లూరు, ప్రకాశం వాళ్లు చెప్పండి

కావలి కుర్రోడు:
వరికి మందు కొట్టే డ్రోన్ తయారు చేస్తా ఉండాం. పది లీటర్ల ట్యాంకు, నిండినా 25 కిలోల లోపే. యూఐఎన్ నంబరుకి (ఒక్కో డ్రోన్‌కి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) పోతే టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ ప్రమాణాలకి సరిపోయిందనే పత్రం) అడుగుతున్నారు. ఆ సర్టిఫికెట్‌కి పోవాలంటే ముందు ఎగరేసి లోపాలు దిద్దుకోవాలి గదా. మీరెవరి దగ్గర పర్మిషన్ తీసుకున్నారు?

పొదిలి మెట్ట:
విడిగా పర్మిషన్ అక్కర్లేదు, దానికోసం తిరగబాకండి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్‌లో 42వ రూలు చదవండి. జీఎస్టీ నంబరున్న డ్రోన్ తయారీదారుకి పరిశోధన, టెస్టింగ్ కోసమైతే టైప్ సర్టిఫికెట్, యూఐఎన్, ముందస్తు అనుమతి, పైలట్ సర్టిఫికెట్ నాలుగూ అక్కర్లేదు. కాలేజీలకీ, డీపీఐఐటీ (కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలోని విభాగం) గుర్తించిన స్టార్టప్‌లకీ అంతే. అయితే గ్రీన్ జోన్‌లోనే (మ్యాప్‌లో ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయొచ్చని చూపించే ప్రాంతం), అదీ మీ ఆవరణలోనో మీ అధీనంలో ఉన్న ఖాళీ జాగాలోనో ఎగరేయాలి.

మేం మెట్ట పొలం కౌలుకి తీసుకుని స్టాంపు పేపరు మీద రాయించుకున్నాం. ఊళ్లో ఎవరో ఫోన్ చేస్తే పోలీసులొచ్చి యూఐఎన్ ఏదని గట్టిగానే అడిగారు. రూలు ప్రింటు, జీఎస్టీ సర్టిఫికెట్, కౌలు పత్రం ముందుపెడితే నిదానంగా చదువుకుని వెళ్లారు. అప్పట్నుంచి ముందే స్టేషన్‌లో లెటరు ఇచ్చి వస్తున్నాం. రూల్లో అడగలేదు, అయినా ఇవ్వండి.

ముత్తుకూరు చెరువులు:
గ్రీన్ జోన్ అని ఒకసారి చూసి ఊరుకోవద్దు, మ్యాప్ మారతా ఉంటుంది. ఎగరేసే ప్రతిసారీ డిజిటల్ స్కైలో (డ్రోన్‌ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్) చూడండి. గ్రీన్‌లో అయినా 400 అడుగులు దాటకూడదు. విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగులే.

కావలి కుర్రోడు:
ఆత్మకూరు వైపు రైతులు వాళ్ల చేలో కొట్టి చూపించమంటున్నారు. ఎకరాకి ఇంతని ఇస్తారంట. కుదురుద్దా అన్నా?

ఒంగోలు వర్క్‌షాప్:
వద్దు తమ్ముడూ. ఆ చేను నీ అధీనంలో లేదు, డబ్బు తీసుకుంటే అది టెస్టింగ్ అనిపించుకోదు. జరిమానా లక్ష దాకా వేయొచ్చు. దానికంటే ముఖ్యం, చేలో కూలోళ్లుంటారు. నమ్మకం కుదరని మిషన్ని వాళ్ల తలల మీద తిప్పకూడదు. చూడాలనుకున్న రైతుల్నే నీ జాగాకి పిలువు. ట్యాంకులో మందు బదులు నీళ్లు పోస్తే చాలు, స్ప్రే ఎట్టా పడుతుందో తెలిసిపోద్ది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కి ఆ రూల్లో మినహాయింపు లేదు, అది చేయించు.

కావలి కుర్రోడు:
సరేనన్నా. మాకు మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి ఎక్కువ, పొద్దున్నే పెట్టుకుంటాం. పొదిలి అన్నా, కౌలు పత్రం నమూనా పంపిస్తావా?

పొదిలి మెట్ట:
రేపు పంపిస్తా. సర్వే నంబరు, గడువుతో పాటు డ్రోన్ పరీక్షల కోసమేనని కూడా రాయించండి.