ఫ్రెంచి కొందిసియొనెల్ పాసే: తెలుగు నుంచి నేర్పాలా, ఇంగ్లీషు నుంచా?

అలిపిరి అధ్యాపకురాలు:
తిరుపతిలో డిగ్రీ పిల్లలకు సాయంత్రం పూట ఫ్రెంచి చెబుతున్నాను. బీ వన్ అనే మధ్య స్థాయి నుంచి దాని పై స్థాయి బీ టూకు వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఒకేచోట తడబడుతున్నారు. అది కొందిసియొనెల్ పాసే, అంటే జరిగి ఉండేది కానీ జరగలేదు అని చెప్పే క్రియారూపం. మేము వాడే పుస్తకాలు దాన్ని ఇంగ్లీషు 'వుడ్ హావ్'తో ముడిపెట్టి వివరిస్తాయి. ఆ దారి మన పిల్లలకు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

'బస్సు దొరికి ఉంటే వచ్చి ఉండేవాళ్ళం' అని మన ఇళ్ళలో ఎవరైనా అంటారు. ఫ్రెంచిలో దీన్ని 'ను సెరియొఁ వెన్యు' అంటారు. 'వచ్చి' ఉన్నచోట పార్తిసిప్ పాసే, అంటే అయిపోయిన పనిని చెప్పే క్రియారూపం, 'వెన్యు', 'ఉండేవాళ్ళం' ఉన్నచోట సహాయక క్రియ 'సెరియొఁ'. మనకు సహాయక క్రియ చివర వస్తుంది, వాళ్ళకు ముందు వస్తుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చిన పిల్లలు మాత్రం 'ను జోరియొఁ వెన్యు' అని రాస్తున్నారు. ఇంగ్లీషులో ఏ క్రియకైనా 'హావ్' ఒక్కటే కాబట్టి ఫ్రెంచిలోనూ అన్నింటికీ 'హావ్'కు సాటి అయిన అవ్వార్ (జోరియొఁ దాని రూపమే) తగిలించేస్తున్నారు. రావడం, వెళ్ళడం, పుట్టడం, చనిపోవడం వంటి క్రియలకు 'ఉండు' అనే అర్థమున్న ఎత్ర్ (సెరియొఁ దాని రూపమే) కావాలన్న సంగతి వాళ్ళకు తట్టడం లేదు. తోటి అధ్యాపకులు, నేర్చుకుంటున్నవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

కొర్లగుంట మాస్టారు:
అమ్మా, మీరు ఎంచుకున్న క్రియ మీకు అనుకూలమైనది, అందుకే లెక్క కుదిరింది. 'తిని ఉండేవాళ్ళం' తీసుకోండి. తెలుగులో ఇక్కడా 'ఉండు' ధాతువే. పిల్లవాడు మీ పద్ధతి నమ్ముకుంటే 'ను సెరియొఁ మాఁజే' అని రాస్తాడు. దాని అర్థం మమ్మల్ని ఎవరో తినేస్తారని! రాయాల్సింది 'ను జోరియొఁ మాఁజే'. ఇంగ్లీషు ఎత్ర్ క్రియల దగ్గర తప్పు దారి పట్టిస్తే, తెలుగు అవ్వార్ క్రియల దగ్గర పట్టిస్తుంది. అవ్వార్ తీసుకునే క్రియలే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మనం మాట్లాడేటప్పుడు 'వచ్చి ఉండేవాళ్ళం' అని ప్రతిసారీ పూర్తిగా అనం. 'పిలిచి ఉంటే వచ్చేవాళ్ళం కదా' అంటాం. 'చిన్నప్పుడు ప్రతి శనివారం కొండకు వచ్చేవాళ్ళం' అన్నప్పుడు కూడా అదే 'వచ్చేవాళ్ళం'. జరగని పనికీ, పదేపదే జరిగిన పనికీ తెలుగు ఒకే రూపం వాడుకుంటుంది. ఫ్రెంచిలో మొదటిది కొందిసియొనెల్ పాసే, రెండోది అఁపర్ఫే, అంటే అలవాటుగా జరిగినదాన్ని చెప్పే భూతకాల రూపం. నేను దిద్దిన జవాబు పత్రాల్లో 'ను సెరియొఁ వెన్యు' రావలసిన చోట 'ను వెనియొఁ' అని రాసేవాళ్ళు ప్రతి తరగతిలోనూ కనబడ్డారు. ఆ తప్పు ఇంగ్లీషు నుంచి వచ్చినది కాదు.

అందుకే ముందు పట్టిక అంటాను. ఓరే, ఓరే, ఓరే, ఓరియొఁ, ఓరియే, ఓరే. సెరే, సెరే, సెరే, సెరియొఁ, సెరియే, సెరే. మొదటిది అవ్వార్‌ది, రెండోది ఎత్ర్‌ది, ఈ రెండు వరుసలూ నిద్రలో లేపి అడిగినా రావాలి. పక్కనే ఎత్ర్ తీసుకునే క్రియల జాబితా ఉండాలి. అర్థం ఆ తరువాత దానంతట అదే వస్తుంది.

అలిపిరి అధ్యాపకురాలు:
మాస్టారూ, 'వచ్చేవాళ్ళం' సంగతి మీరు చెప్పింది నిజం. కానీ అది తెలుగును పక్కన పెట్టడానికి కారణం ఎలా అవుతుంది? తరగతిలో ఆ రెండు వాక్యాలనూ బల్ల మీద పక్కపక్కన రాసి, 'ఈ రెండింటిలో నిజంగా కొండకు వెళ్ళింది ఎప్పుడు?' అని అడిగితే ఏ పిల్లవాడైనా చెబుతాడు. పట్టిక ఆ ప్రశ్న అడగదు. పైగా మీరు రాసిన వరుసలోనే చూడండి, 'ఓరే' నాలుగుసార్లు వచ్చింది. పలకడం ఒకటే అయినా రాయడంలో మూడు రకాలు: ఏకవచనంలో నేను, నువ్వు అన్నచోట చివర ఎస్, అతను అన్నచోట టీ, వాళ్ళు అన్నచోట ఈ ఎన్ టీ. నోటితో వల్లె వేసి నేర్చినవాళ్ళు రాతలో పట్టుబడేది సరిగ్గా ఇక్కడే.

ఫ్రెంచి స్థాయిని ధ్రువీకరించే డెల్ఫ్ పరీక్షలో వ్యాకరణానికి విడిగా భాగం కూడా లేదు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కొక్కదానికి 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. పట్టిక అప్పజెప్పమని ఎవరూ అడగరు.

వ్యాకరణ విద్యార్థి:
ఇక్కడి సంస్కృత విశ్వవిద్యాలయంలో వ్యాకరణం చదువుతూ ఫ్రెంచి కూడా నేర్చుకుంటున్నాను. మీ ఇద్దరి మాటల్లో రాని మూడో దారి ఒకటుంది, అది మన ఊళ్ళోనే ఉంది.

సంస్కృతంలో లృఙ్ లకారం అనే క్రియారూపం సరిగ్గా ఈ పనికోసమే. 'లిఙ్నిమిత్తే లృఙ్ క్రియాతిపత్తౌ' అన్నది పాణిని సూత్రం, అష్టాధ్యాయిలో 3-3-139. క్రియాతిపత్తి అంటే పని నెరవేరకపోవడం. మాకు చెప్పే ఉదాహరణ: 'సువృష్టిశ్చేదభవిష్యత్, తదా సుభిక్షమభవిష్యత్.' వానలు బాగా కురిసి ఉంటే పంటలు బాగా పండి ఉండేవి అని. వానలూ లేవు, పంటలూ లేవు అని ఆ ఒక్క రూపమే చెబుతుంది.

ఇప్పుడు 'అభవిష్యత్' విప్పి చూడండి. ముందున్న 'అ' భూతకాలానిది, 'అభవత్'లో ఉన్నదే. మధ్యలో 'ష్య' భవిష్యత్తుది, 'భవిష్యతి'లో ఉన్నదే. భవిష్యత్తు మీద భూతకాలపు ముద్ర పడితే నెరవేరని పని అయింది. ఫ్రెంచి 'ఓరే' కూడా అంతే: 'ఓర్' అనే మొదలు అవ్వార్ భవిష్యత్ రూపం నుంచి, చివరి ప్రత్యయం అఁపర్ఫే నుంచి. లాటిన్ నుంచి పుట్టినప్పుడు కూడా అసలు క్రియకు 'కలిగి ఉండు' అనే అర్థమున్న క్రియ భూతకాల రూపం చేరే ఇది ఏర్పడింది. ఈ సంగతి తెలిశాక నాకు కొత్తగా వల్లె వేయాల్సింది ఏమీ మిగల్లేదు. భవిష్యత్ రూపాలు వచ్చు, అఁపర్ఫే చివరలు వచ్చు, రెండూ కలిపాను.

కొర్లగుంట మాస్టారు:
నాయనా, చాలా బాగా చెప్పావు. అయితే సంస్కృత వ్యాకరణం చదివినవాళ్ళు మా తరగతిలో ఎంతమంది ఉంటారు? వాణిజ్య శాస్త్రం చదివే పిల్లకు లృఙ్ ముందు నేర్పి, ఆ తరువాత ఫ్రెంచి నేర్పలేను. ఓర్ ఎక్కడిది, ఎ ఎక్కడిది అన్న విడదీత మాత్రం నా పట్టిక పక్కన రాసుకుంటాను.

చిత్తూరు మామిడి:
అన్నా, అక్కా, నేను పరీక్షల మనిషిని కాదు. చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసే చోట పని, ఫ్రాన్సు నుంచి వచ్చే ఉత్తరాలు చూసేది నేనే. ఉత్తరాల్లో 'అలా అయి ఉంటే ఇలా అయ్యేది' అనే పొడుగు వాక్యాలు తక్కువ. ఎక్కువగా వచ్చేది నిష్ఠూరం. 'ల మర్షాఁదీజ్ ఓరే ద్యు అరివే లఁది', సరుకు సోమవారం వచ్చి ఉండాల్సింది. 'వు జోరియే ద్యు ను ప్రెవనీర్', మీరు మాకు ముందే చెప్పి ఉండాల్సింది.

మొదటి వాక్యం చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. రావడానికి ఎత్ర్ అని నేర్పారు, ఇక్కడ అవ్వార్ ఎందుకు వచ్చింది? ఎందుకంటే అక్కడ సహాయక క్రియ తీసుకునేది 'దెవ్వార్', దానికి ఎప్పుడూ అవ్వారే. 'అరివే' వెనక ఊరికే మామూలు రూపంలో కూర్చుంది. మీ పట్టికలో ఇది లేదు, తెలుగు వాక్యంలోనూ కనిపించదు. ఉద్యోగానికి పంపే పిల్లలకు 'ఉండాల్సింది' వాక్యాలతో మొదలుపెట్టండి. రోజూ తగిలేది అదే.

ఏర్పేడు:
వేసవిలో శిక్షణకు ఫ్రాన్సు వెళ్ళబోతున్న విద్యార్థిని. అక్కడి పత్రికలు చదువుతుంటే 'ల మినిస్త్ర్ ఓరే దెమిస్యొనే' అని కనబడింది. 'మంత్రి రాజీనామా చేసి ఉండేవాడు' అనుకొని, 'ఎందుకు చేయలేదు?' అని కింద వెతికాను. ఇది ఏ లెక్కలోకి వస్తుంది మేడమ్?

అలిపిరి అధ్యాపకురాలు:
అమ్మా, పత్రికల్లో ఆ రూపానికి వేరే పని ఉంది. 'మంత్రి రాజీనామా చేసినట్లు సమాచారం' అని మన పత్రికలు రాస్తాయి కదా, అదే ఇది. వార్త వచ్చింది, పత్రిక ఇంకా నిర్ధారించుకోలేదు. వాక్యంలో 'అయితే' అనే అర్థమిచ్చే 'సి' లేకుండా, ఎవరూ బాధపడకుండా, ఒక సంఘటన గురించి ఓరే కనబడితే 'చేసినట్లు సమాచారం' అని చదువుకో. ఇక్కడ తెలుగు పత్రిక చదివే అలవాటు నీకు నేరుగా పనికొస్తుంది.

మరొకటి, 'సి' వెంట మాత్రం ఓరే, సెరే ఎప్పుడూ రాయకు. అక్కడ ప్ల్యుస్కపర్ఫే, అంటే అంతకు ముందే అయిపోయిన పనిని చెప్పే భూతకాల రూపం: 'సి ను జవియొఁ ప్రి ల బ్యుస్, ను సెరియొఁ జారివే.' బస్సు ఎక్కి ఉంటే చేరుకొని ఉండేవాళ్ళం. 'సి'లకు 'రే'లంటే గిట్టదని ఫ్రెంచి బడిపిల్లలు కూడా ఒక వాక్యం బట్టీ పడతారు.

కొర్లగుంట మాస్టారు:
చూశారా, చివరికి బట్టీ పట్టే వాక్యానికే వచ్చారు! మీరు మొదటి రోజే పట్టిక కూడా గోడకు తగిలిస్తానంటే, తెలుగు వాక్యంతో పాఠం మొదలుపెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఇంగ్లీషును పూర్తిగా తీసేయడానికి మాత్రం ఒప్పుకోను. మన తరగతుల్లో తెలుగు పిల్లలే ఉంటారా? తమిళం ఇంటి భాషగా ఉన్నవాళ్ళు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు కూడా ఉంటారు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఇంగ్లీషే.

చిత్తూరు మామిడి:
అన్నా, మా వీధిలో మూడు భాషలూ వినబడతాయి, అందుకే చెబుతున్నాను. తమిళంలో 'వందిరుప్పోం' అంటారు, అందులోనూ 'వచ్చి'కి 'ఇరు' చేరింది. ఉర్దూలో 'హమ్ ఆయే హోతే', అక్కడ 'హోనా'. మూడింటిలోనూ వచ్చి ఉండటమే. 'హావ్' పట్టుకున్నది ఇంగ్లీషు ఒక్కటే. అక్క చెప్పిన మొదటి పాఠం ఆ ముగ్గురికీ పనికొస్తుంది.

కొర్లగుంట మాస్టారు:
అయితే 'మాఁజే' దగ్గర ముగ్గురూ ఒకే తప్పు రాస్తారన్నమాట. ముగ్గురికీ అవ్వార్ వరుస మొదటి వారంలోనే అప్పజెప్పించండి అమ్మా.