ఒకే తేదీన పుట్టినవారిని, జరిగిన సంఘటనలను ఒకే చీటీలో చదివించడం సమంజసమేనా?

ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా (ప్రశ్న):
మా ఉన్నత పాఠశాలలో ప్రార్థన ముగిశాక ఒక విద్యార్థి ‘చరిత్రలో ఈ రోజు’ చదువుతాడు. ఆగస్టు 29న ఎనిమిదో తరగతి అబ్బాయి చదివిన చీటీలో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొనడం (1831), గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జననం (1863), హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జననం (1905), సోవియట్ యూనియన్ తొలి అణుపరీక్ష (1949), నటుడు నాగార్జున జననం (1959) వరుసగా వచ్చాయి. చప్పట్లు చివరి పేరుకే పడ్డాయి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, వాడుక భాషను బడిలోకి తేవడానికి జీవితమంతా పోరాడిన మనిషికి దక్కింది ఒక్క వాక్యం. ఈ జాబితా మానేసి రోజుకు ఒక్కరి గురించే చెబుదామని నేను ప్రతిపాదిస్తే సహోపాధ్యాయులలో సగం మంది ఒప్పుకోలేదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు, విజయనగరం:
మానేయడమే మంచిది. ఇరవైముగ్గురు పిల్లలున్న తరగతిలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి సగానికి పైగా అవకాశం ఉంది, ఎందుకంటే ఆ 23 మందిలో 253 జతలు ఏర్పడతాయి. అటువంటప్పుడు శతాబ్దాల చరిత్రను 366 గడులలో పోస్తే ప్రతి గడిలోనూ గొప్పవాళ్లు దొరకడంలో వింత ఏముంది? పైగా తేదీ కలిసినంత మాత్రాన రోజు కలిసినట్టు కాదు. ఇంగ్లండు నాటకకర్త షేక్‌స్పియర్, స్పెయిన్ నవలాకారుడు సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే కన్నుమూశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి స్పెయిన్ గ్రెగోరియన్ క్యాలెండరుకు మారింది, ఇంగ్లండు జూలియన్ క్యాలెండరులోనే ఉంది, కాబట్టి ఇద్దరి మధ్య పది రోజుల తేడా ఉంది. సెర్వాంటెస్‌కు ఆ తేదీ ఖననానిదని, మరణం అంతకు ముందు రోజని పరిశోధకులు చెబుతున్నారు కూడా.

చరిత్ర విద్యార్థిని, ఆమదాలవలస:
మాస్టారూ, మీ లెక్కను కాదనను, కానీ కొన్ని తేదీలు వాటంతట అవి కలవవు, మనుషులు కావాలని కలుపుతారు. ఆగస్టు 15నే తీసుకోండి. 1945లో జపాన్ చక్రవర్తి లొంగుబాటును రేడియోలో ప్రకటించినది ఆ రోజునే. దానికి రెండేళ్లు నిండే రోజు కాబట్టే అధికార బదిలీకి ఆ తేదీని ఎంచుకున్నానని మౌంట్‌బాటెన్ తరువాత చెప్పాడు. 1872లో అదే తేదీన పుట్టిన అరవిందులు ఈ కలయిక కేవలం యాదృచ్ఛికం కాదని స్వాతంత్ర్య దిన సందేశంలో రాసుకున్నారు. అది ఆయన విశ్వాసం, దాన్ని మనం రుజువు చేయలేము. మన శ్రీకాకుళం జిల్లా విశాఖపట్నం నుంచి విడిపోయి ఏర్పడినది కూడా 1950 ఆగస్టు 15నే. ఆ రోజునే అస్సాం, టిబెట్ సరిహద్దులో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇక్కడ తేదీతో పాటు సంవత్సరమూ కలిసింది, అయినా ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

మీ ఆగస్టు 29 చీటీలోనూ ఇటువంటిది ఒకటి దాగి ఉంది. 1949లో ఆ తొలి పరీక్ష కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్‌లో జరిగింది. ఆ కేంద్రాన్ని 1991లో సరిగ్గా అదే తేదీన మూసివేశారు, దానిని పురస్కరించుకునే ఐక్యరాజ్యసమితి ఆ రోజును అణుపరీక్షల వ్యతిరేక దినంగా ప్రకటించింది. ఈ మాట చెప్పకుండా ఊరికే ‘తొలి అణుపరీక్ష’ అని చదివిస్తే పిల్లవాడికి మిగిలేది ఒక అంకె మాత్రమే.

విశ్రాంత గుమాస్తా, బొబ్బిలి:
తేదీల మీద మీకున్న నమ్మకం చూస్తే ముచ్చటగా ఉంది. మా తరంలో సగం మంది పుట్టినరోజు బడిలో చేర్చుకున్న పంతులు గారు రాసిన జూలై 1. ఇంట్లో అమ్మకు గుర్తున్నది తిథే.

ఉపాధ్యాయుడు:
జూలై 1 మా రిజిస్టరులోనూ కనిపిస్తూనే ఉంటుందండి. విద్యార్థిని గారి మాటతో నాకు ఇంకొక చిక్కు కనబడింది. గిడుగు పంతులు గారి జయంతిని రాష్ట్రప్రభుత్వం తెలుగు భాషా దినోత్సవం చేసింది, ధ్యాన్‌చంద్ జయంతిని కేంద్రం జాతీయ క్రీడా దినోత్సవం చేసింది. ఫలితంగా వ్యాసరచన పోటీ, పరుగు పందెం రెండూ ఒకే మధ్యాహ్నం పెట్టాలి. పిల్లలు మైదానంలో ఉంటారు, వ్యాసం రాయడానికి గదిలో నలుగురు మిగులుతారు. పంతులు గారు సవర మాట్లాడేవారి దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారని చెప్పడానికి సమయం ఎక్కడ? సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న సవర పిల్లలకే ఆ సంగతి తెలియదు.

చరిత్ర విద్యార్థిని:
అయితే జాబితా ఉండనివ్వండి, ప్రతి పేరు పక్కన ఆ తేదీకి కారణం రాయించండి. కారణం లేనివి కొట్టేయండి. ఆగస్టు 15 చీటీ నేను రాసి పంపుతాను. అందులో 1945 ఉంటుంది, భూకంపం ఉండదు.

లెక్కల మాస్టారు:
భూకంపాన్ని తీసేయకమ్మా. సంబంధం లేనిది ఒక్కటైనా పక్కన ఉండకపోతే, మిగిలినవాటిలో సంబంధం ఉందో లేదో అడగాలని పిల్లవాడికి తోచదు. దాన్ని చివర రాసి, ఎదుట ‘కాకతాళీయం’ అని పెట్టండి.