ఖరీదైన జపనీస్ రెస్టారెంటులో చల్లటి అన్నంతో సుషీ పెట్టారు: ఇది మామూలేనా?

ప్రశ్న:
అమ్మానాన్నల పెళ్లిరోజుకని గత శనివారం నలుగురం హైదరాబాద్‌లో పేరున్న ఒక జపనీస్ రెస్టారెంటుకు వెళ్లాం. బిల్లు 21,000 రూపాయలు దాటింది. అంత అవుతుందని తెలిసే వెళ్లాం కాబట్టి ధర గురించి నాకు పేచీ లేదు. కానీ నిగిరి సుషీ (అన్నం ముద్దపై పచ్చి చేప ముక్క పెట్టేది) పళ్లెం వచ్చేసరికి అన్నం అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా, పలుకుగా ఉంది. చేప ముక్కల అంచులు ఆరిపోయి రంగు మారాయి. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్‌లో ఉప్పు తప్ప మరో రుచి తెలియలేదు. పిండిలో ముంచి వేయించే తెంపురా నూనె పీల్చుకొని మెత్తబడింది. నాన్నగారు ఏమీ అనలేదు గానీ సగం పళ్లెం అలాగే వదిలేశారు. మేనేజరుకు చెబితే, "పచ్చి చేప కదండీ, చల్లగానే ఉంటుంది, అలవాటు లేనివారికి అలా అనిపిస్తుంది" అన్నారు. పైగా 10 శాతం సర్వీస్ చార్జి వేశారు. ఆయన చెప్పినది నిజమేనా? ఆ చార్జి కట్టక తప్పదా?

మొదటి జవాబు:
నిజం కాదండీ. ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. సుషీలో చల్లగా ఉండవలసినది చేప మాత్రమే. వండిన పొట్టి బియ్యపు అన్నంలో వెనిగరు, చక్కెర, ఉప్పు కలిపి, దాదాపు ఒంటి వేడికి వచ్చాక చేతితో ఒత్తి, వెంటనే తినేవారి ముందు పెడతారు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం బిరుసెక్కడం మన ఇళ్లలోనూ చూసేదే. మీకు జరిగినది అదే. ఇక్కడ 2,000 యెన్‌ల లోపు మధ్యాహ్న భోజనం పెట్టే చిన్న దుకాణంలో కూడా అన్నం విషయంలో అంత నిర్లక్ష్యం ఉండదు. అయితే చేపను గడ్డకట్టించి తెచ్చారని తెలిస్తే దాన్ని మోసం అనుకోకండి. పరాన్నజీవులు చావడానికి మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు ఉంచాలని అమెరికా ఆహార నిబంధనలే చెబుతాయి. అంచులు ఆరడం మాత్రం ముక్కలు కోసి చాలాసేపు బయట ఉంచడం వల్ల వచ్చేదే.

రెండో జవాబు:
సర్వీస్ చార్జి సంగతి నేను చెబుతాను. బిల్లులో దాన్ని దానంతట అదే చేర్చకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని, అది పూర్తిగా వినియోగదారుడి ఇష్టమని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. దానిపై రెస్టారెంట్ల సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. డబ్బు కట్టేముందే తీసేయమని మర్యాదగా అడగండి. ఇప్పటికే కట్టేశారు కాబట్టి బిల్లు ఫోటోతో రెస్టారెంటుకు రాసి, స్పందన లేకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. జీఎస్టీని దీనితో కలపవద్దు, అది పన్ను, కట్టవలసిందే. కానీ సర్వీస్ చార్జిని కూడా కలిపిన మొత్తంపై జీఎస్టీ లెక్కగట్టారేమో చూసుకోండి.

మూడో జవాబు:
నేను వంటవృత్తిలో ఉన్నాను. విమానంలో వచ్చే చేప ఖరీదైనది, నిలవ ఉండదు, కొంత పారేయక తప్పదు, కాబట్టి ఇలాంటి చోట ధర ఎక్కువ ఉండడాన్ని నేను తప్పుపట్టను. కానీ మీరు రాసిన లోపాలు చూడండి: అన్నం, సూప్, తెంపురా. వీటిలో ఏదీ దిగుమతి ఖర్చుతో పాడైనది కాదు. మిసో సూప్‌కు ప్రాణం దాషి అనే రసం. దానికి కావలసిన కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టిన బొనీటో చేప తురుము నెలల తరబడి నిలవ ఉండే ఎండు సరుకులే. దాషి సరిగా లేకుండా మిసో ముద్దను వేడినీళ్లలో కలిపితే ఉప్పే మిగులుతుంది. తెంపురా పిండిని చల్లటి నీళ్లతో పైపైన కలిపి, వేగిన వెంటనే వడ్డించాలి. వంటగది గట్టు మీద ఎదురుచూసిందంటే మెత్తబడిపోతుంది. అంటే మీ డబ్బు తీసుకొని వాళ్లు చేయకుండా వదిలేసినది వంటవాడి పని. రెస్టారెంటుకు ఫిర్యాదు రాసేటప్పుడు "బాగోలేదు" అని వదిలేయకుండా ఈ మూడింటినీ విడివిడిగా రాయండి. అప్పుడు అలవాటు లేదన్న జవాబు చెల్లదు.