గడులు విడివిడిగా కుట్టి తర్వాత కలిపే బొంత: అతుకుల దగ్గర నిలుస్తుందా?

బెజవాడ మిషన్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మ పోయి రెండేళ్లయింది. బీరువాలో ఆవిడ నూలు చీరలు పదకొండు ఉన్నాయి, ఎక్కువగా మంగళగిరివి, రెండు వెంకటగిరివి, కట్టి కట్టి మెత్తబడిపోయినవి. ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. అలాగే ఉంచితేనేమో మడతల దగ్గర చీలికలు వస్తున్నాయి. అందుకని ఒక బొంత కుడదామనుకున్నాను, ఒక మనిషి హాయిగా కప్పుకునేంత, 60 అంగుళాల వెడల్పు, 90 పొడవు.

నా దగ్గరున్నది ఇంట్లో వాడుకునే మామూలు కరెంటు మిషన్. సూదికీ కుడిపక్క స్తంభానికీ మధ్య ఆరంగుళాల పైన కొంచెం చోటుంటుంది, అంతే. పోయిన నెల పాత దుప్పట్లతో ప్రయత్నించి చూశాను. మూడు పొరలూ (పైబట్ట, లోపలి పొర, వెనక బట్ట) కలిపి చాపలా చుట్టి ఆ సందులోకి తోస్తూ కుడుతుంటే బరువంతా ఒక పక్కకి లాగేసి సూది విరిగింది, వెనక్కి తిప్పి చూస్తే బట్ట ముడతలు ముడతలుగా కుట్టులో ఇరుక్కుపోయింది. అదంతా విప్పడానికి మూడు రోజులు పట్టింది. అమ్మ చీరలతో అలా జరిగితే తట్టుకోలేను.

బొంతని చదరపు గడులుగా విడగొట్టి, ఒక్కో గడికీ మూడు పొరలూ పెట్టి ముందే కుట్టేసి, తర్వాత గడులన్నీ కలిపే పద్ధతి ఉందని విన్నాను. ఉతికితే ఆ అతుకులు నిలుస్తాయా? అతుకు దగ్గర గట్టులా లేచి ఒంటికి గుచ్చుకోదా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కొలతలతో సహా చెప్పండి, ప్లీజ్. కత్తెర పెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది.

సూదీ దారం, హైదరాబాద్:

నిలుస్తుందండీ, ధైర్యంగా మొదలుపెట్టండి. ఈ పద్ధతిలో నేను ఏడు బొంతలు కుట్టాను, మొదటిది ఆరేళ్లుగా మా అబ్బాయి కప్పుకుంటున్నాడు, నెలకోసారి వాషింగ్ మిషన్‌లో పడుతుంది, ఒక్క అతుకు కూడా ఊడలేదు. పాత చీరల బొంతలో ముందు పోయేది అతుకు కాదు, బట్ట. కాబట్టి మొదట ఒక్కో చీరనూ కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని ఎక్కడ పలచబడిందో చూడండి. రెండు చేతులతో కొంచెం గుంజితే చిర్రుమంటే ఆ భాగం వదిలేయండి. వదల్లేకపోతే కింద కొత్త మల్‌మల్ లైనింగ్ పెట్టి, రెండూ కలిపి ఒకే బట్ట అనుకుని కత్తిరించండి.

ఇక కొలతలు. 15 అంగుళాల గడులైతే అడ్డంగా 4, నిలువుగా 6, మొత్తం 24. పైబట్ట 16 అంగుళాలకి, లోపలి పొర, వెనక బట్ట 17కి కత్తిరించండి. లోపలికి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు దుప్పటి చాలు, మన ఎండలకి అంతకన్నా దళసరి అవసరం లేదు. విడి దూది మాత్రం పెట్టొద్దు, కుట్లు దగ్గర దగ్గరగా లేకపోతే ఉండలు కడుతుంది. మూడు పొరలూ పరిచి, కచ్చా కుట్టు వేసి, మధ్యలోంచి అంచులకి కుట్టుకుంటూ పోండి. 14 నంబరు సూది, కుట్టు పొడవు 3, గీతల మధ్య రెండంగుళాల ఎడం. వాకింగ్ ఫుట్ (మిషన్ మామూలు పాదం బదులు బిగించుకునేది) దొరికితే కొనండి, పై బట్టా కింద బట్టా ఒకే వేగంతో నడుస్తాయి, మీకు వచ్చిన ముడతల బాధ చాలావరకు పోతుంది.

గడి కుట్టేశాక దగ్గరకు లాగుతుంది, పావంగుళం నుంచి అరంగుళం దాకా తగ్గుతుంది, అన్నీ ఒకేలా తగ్గవు కూడా. అందుకే కుట్టడం మొత్తం అయిపోయాక 15 అంగుళాల గట్టి అట్ట ఒకటి పెట్టి 24 గడులనూ ఒకే కొలతకి కత్తిరించండి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతా అంతా దానంతటదే కుదురుతుంది.

అతుకు ఇలా వేస్తారు. ముందు వైపుకి 1⅛ అంగుళాల పట్టీ. వెనక వైపుకి 1¾ అంగుళాల పట్టీ, దీన్ని నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసుకోవాలి. మొదటి గడి ముందు ముఖం మీద పైపట్టీని బోర్లా పెట్టి, వెనక మడత పట్టీ పెట్టి, తెగిన అంచులన్నీ కలిపి పావంగుళం లోపల ఒకే కుట్టు. తర్వాత పైపట్టీ రెండో అంచుని రెండో గడి ముందు ముఖానికి, మళ్లీ పావంగుళం. ఇప్పుడు తెరిచి పరిచి చూడండి, రెండు గడుల అంచులూ పట్టీ కింద పక్కపక్కన ఆనుకుంటాయి, ఒకదాని మీదకి ఒకటి ఎక్కవు. గట్టు రాకపోవడానికి కారణం అదే. చివరగా వెనక మడత పట్టీని అవతలి గడి మీదకి తిప్పి, కుట్టు కనపడకుండా కప్పి, చీరకి ఫాల్ వేసినట్టే చేత్తో హెమ్మింగ్ చేయండి. అంచులు ఆనుకునే ఉంటాయి కాబట్టి కుట్టుకని విడిగా బట్ట కలుపుకోనక్కర్లేదు, నాలుగు గడులు కలిస్తే 60 వస్తుంది.

వెనక మొత్తానికి ఒకే చీర సరిపోతుంది, ఇది నాకు భలే నచ్చే లెక్క. 45 అంగుళాల పన్నాలో 17వి రెండు వస్తాయి, అయిదున్నర మీటర్లంటే 216 అంగుళాలు, అందులో పన్నెండు వస్తాయి, వెరసి 24. పక్కన పదకొండంగుళాల పట్టీ చీర పొడవునా మిగులుతుంది, వెనక అతుకు పట్టీలన్నీ దాంట్లోంచే తీయొచ్చు. జరీ అంచుని మాత్రం పట్టీకి వాడకండి, అంత సన్నగా మడిస్తే బిరుసుగా నిలబడుతుంది.

శ్రీకాకుళం పెద్దమ్మ:

అమ్మాయ్, నీ ప్రశ్న చదివి మనసు ఒకలా అయిపోయింది. మా ఊళ్లో బొంతకి మిషన్ ఎవరూ వాడేవారు కాదు. వసారాలో పాత చీర పరిచి, నలుగురం నాలుగు మూలలా గట్టిగా లాగి, లోపల పాత పంచెలూ చీరలూ ముడత లేకుండా సర్ది, మీద మంచి చీర కప్పి, బొంత సూదితో అంచు నుంచి చుట్టూ కుట్టుకుంటూ లోపలికి వచ్చేవాళ్లం. మా అమ్మ కుట్లు బియ్యపు గింజంత ఉండేవి. నెల పట్టినా తొందర పడేది కాదు.

నిన్ను అలాగే చేయమని అనను, ఇప్పుడు కింద కూర్చుని నెల రోజులు కుట్టే నడుములు ఎవరికున్నాయి. కానీ ఒక్కటి అడుగుతాను, అన్ని చీరలూ పదిహేను అంగుళాల ముక్కలు చేసేస్తే అమ్మ చీర అని గుర్తుపట్టేదేముంది? మంగళగిరి కొంగు ఒకటి మధ్యలో పెద్దగా ఉంచు. చేయి వేసి తడిమితే ఇది ఫలానా చీర అని తెలియాలి. ఆ ఒక్క భాగం చేత్తో కుట్టు తల్లీ, నూలు దారంతో.

డాలస్ అక్క:

ఇక్కడ దీన్ని క్విల్ట్ యాజ్ యూ గో అంటారు. జార్జియా బోన్‌స్టీల్ అనే ఆవిడ టీవీలో ల్యాప్ క్విల్టింగ్ పేరుతో ఇలాంటిదే నేర్పించి చాలామంది ఇళ్లలోకి తెచ్చారు, ఒడిలో పెట్టుకుని కుట్టుకునేంత ముక్క అన్నమాట. అందులో పట్టీలు ఉండవు. గడి చుట్టూ కొంత మేర కుట్టకుండా వదిలి, పైబట్టల్ని మిషన్ మీద కలిపి, లోపలి పొరల్ని పక్కపక్కన సరిపెట్టి, వెనక బట్ట ఒకటి పరిచి రెండోదాని అంచు మడిచి చేత్తో కుడతారు. పట్టీ గీతలు కనపడకూడదు అనుకుంటే అది బాగుంటుంది. కానీ మెత్తటి పాత చీరలకి సూదీ దారం గారు చెప్పిన పట్టీయే మంచిదని నా అభిప్రాయం, అతుకు దగ్గర అదనంగా ఇంకో బట్ట పడుతుంది కాబట్టి లాగుడంతా గడి బట్ట మీదే పడదు.

నేను చేసిన తప్పు చెప్తాను. కొన్ని గడుల్లో ఉత్సాహంగా అరంగుళానికో గీత కుట్టాను, విసుగొచ్చి మిగతా వాటిల్లో మూడంగుళాలకి ఒకటి. దగ్గరగా కుట్టినవి ముప్పావంగుళం ఎక్కువ తగ్గిపోయాయి. నేను అట్టతో కత్తిరించకుండా లాగి కలిపేశాను. మంచం మీద పరిస్తే ఆ దుప్పటి ఇప్పటికీ అలలు అలలుగా లేస్తుంది. కుట్టే ఎడం 24 గడుల్లోనూ ఒకటే ఉండాలి, డిజైన్ ఏదైనా సరే.

ఇంకోటి, రంగు. కుట్టాక కాదు, ముందే ప్రతి చీరనూ విడిగా ఉతికి, తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డ పైన వేసి ఇస్త్రీ పెట్టెతో ఒత్తి చూడండి. తెల్లగుడ్డకి రంగు అంటితే ఆ చీరని ఇంకా ఉతకాలి, ఎంతకీ ఆగకపోతే పక్కన పెట్టేయాలి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు, దాన్ని నమ్ముకుని ఎర్ర చీర పక్కన తెల్ల గడి పెట్టకండి.

హుబ్బళ్లి తెలుగు:

మిషన్ లేకుండా చేత్తో చేయాలనుకునేవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ ఉత్తర కన్నడ జిల్లాలో, యల్లాపుర, హళియాళ వైపు, సిద్ది అనే తెగ ఆడవాళ్లు కవంది అనే బొంత కుడతారు. వాళ్లు పైభాగాన్ని ముందు తయారుచేసుకోరు. కింద ఒక పాత చీర పరిచి, మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్క అంచు మడిచి నేరుగా దాని మీద పెట్టి కుట్టుకుంటూ, చుట్టూ తిరిగి మధ్యకి చేరుకుంటారు. అంటే ముక్క అతకడం, పొరలు కుట్టడం రెండూ ఒకేసారి అయిపోతాయి. నాలుగు మూలలా మడిచిన చిన్న త్రికోణాలు పెట్టి పువ్వు అంటారు, అది లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు వాళ్లకి. చేత్తో పట్టుకుని చూశాను, ఇంత గట్టిగా ఉంటుందని అనుకోలేదు.

బెజవాడ మిషన్:

అందరికీ చాలా థాంక్స్. పెద్దమ్మా, మీ మాట చదివాక ఆ రాత్రి బీరువా తీసి కొంగులన్నీ మంచం మీద పరిచాను. ఆకుపచ్చ మంగళగిరి ఒకటుంది, కొంగు చివర పసుపు మరక, అమ్మ చేయి తుడుచుకునే చోటు. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. దాన్ని ముక్కలు చేయను, మధ్యలో పెడతాను, చేత్తోనే కుడతాను.

నిన్న అమ్మ చీరల జోలికి పోకుండా పాత లంగా బట్టతో రెండు గడులు కుట్టి కలిపి చూశాను. 16 కత్తిరించిన పైబట్ట కుట్టాక 15½ దాటి కొద్దిగా మిగిలింది, మీరు చెప్పినట్టే. అతుకు మొదటిసారి వెనక పట్టీ పొట్టిగా వచ్చి కుట్టు బయటికి కనపడింది, చూస్తే నేను అరంగుళం లోపల కుట్టేశాను. విప్పి పావంగుళానికి కుడితే చక్కగా కప్పేసింది. రెండుసార్లు మిషన్‌లో వేసి ఉతికాను. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమితే అతుకు ఎక్కడుందో తెలుస్తోంది గానీ గట్టులా లేదు, మెత్తగానే ఉంది.

సూదీ దారం గారూ, మధ్యలో కొంగుకి నాలుగు గడుల చోటు తీసుకుంటే దాన్ని ఎంతకి కత్తిరించాలి? వరసలు ఎలా కలపాలి?

సూదీ దారం, హైదరాబాద్:

30కి కత్తిరించండి, 31 కాదు, ఎందుకంటే చిన్న గడులు కూడా అంచుకి అంచు ఆనుకునే ఉంటాయి. మొదట ఒక 33 అంగుళాలు తీసుకుని, చేత్తో కుట్టాక కొలుచుకోండి, చేతి కుట్టుకి కూడా కొంత లాగుతుంది. పసుపు మరక ఎక్కడ రావాలో ముందే గుడ్డ మీద గుండుసూది పెట్టుకోండి, అంచు కత్తిరింపులో పోకూడదు.

కలిపేటప్పుడు పై రెండు వరసలు, కింద రెండు వరసలు మామూలుగానే. మధ్యలో ఎడమ పక్క రెండు గడులు ఒకదాని కింద ఒకటి, కుడి పక్క కూడా అలాగే కలిపేసి, ఆ రెండు నిలువు పట్టెల్నీ కొంగుకి చెరో పక్కన కలపండి. అప్పుడది కూడా 60 అంగుళాల వరస అయిపోతుంది. చిన్న గడులు 24 కాదు, 20 చాలు. వరసలు కలిపేటప్పుడు పైపట్టీలు ఎదురెదురుగా వస్తున్నాయో లేదో ప్రతి కూడలి దగ్గరా గుండుసూది పెట్టి చూసుకుని, కూడలి దగ్గర చక్రం చేత్తో తిప్పుతూ నెమ్మదిగా కుట్టండి, అక్కడ పొరలు ఎక్కువ, సూది విరిగేది అక్కడే.