ఈ ‘ట్యాంక్’ చెరువా, కుంటా, తొట్టా?

ఉత్తర అరిజోనా పశువుల మేత భూముల మ్యాపొకటి తెలుగు చేస్తున్నాను. 1950ల నాటిది, అమెరికా భూసర్వే వాళ్లు వేసింది, స్కేలు 1:62,500. గోధుమ గీతలు ఎత్తుకి, నీలం నీళ్లకి. ఊళ్లు దాదాపు లేవు గానీ ఎక్కడ చూసినా ‘ట్యాంక్’. హుస్సేన్‌సాగర్ కట్ట ట్యాంక్‌బండ్ అయింది కదా అని అన్నిటికీ ‘చెరువు’ అని రాసేశాను. తప్పా?

— తప్పే అన్నా. చెరువంటే తూము ఉండాలి, కింద ఆయకట్టు ఉండాలి. అక్కడ ఆ నీళ్లతో మడి తడిపేదెవరు? వాన నీళ్లు ఆగేలా వాగుకి అడ్డంగా మట్టికట్ట పోస్తారు, ఆవులొచ్చి తాగుతాయి. మా అనంతపురంలో అయితే కుంట అంటాం. నీలం గీత తెగి తెగి ఉందేమో చూడు. అలా ఉంటే ఏడాదంతా నీళ్లుండవని.

— ఉంది, తెగి తెగే ఉంది! ఇంకోచోట మాత్రం ‘విండ్‌మిల్’ పక్కన ‘ట్యాంక్’. నీలం లేదు, చిన్న నల్ల సున్నా.

— అది తొట్టి. గాలిమర తోడిన నీళ్లు అందులో పడతాయి. మనిషి కట్టినవాటికి నలుపు. రంగు చూడకుండా అనువాదం చేస్తే ఇలాగే ఉంటుంది మరి.

— రాతిలో వాన నీళ్లు నిలిచే గుంటల్నీ అక్కడ ట్యాంకులే అంటారండి. స్పానిష్‌లో ‘తినాహా’, అసలర్థం మట్టి బాన. అరిజోనా నైరుతి మూల ‘తినాహాస్ ఆల్తాస్’ని ఇంగ్లీషులో ‘హై ట్యాంక్స్’ అన్నారు. మనకి కొండ మీద ‘దొన’ ఉండనే ఉంది. ఇక ట్యాంకు మాట పోర్చుగీసు ‘తాంకె’ నుంచి వచ్చిందని కొందరు, గుజరాతీ ‘టాంకు’ నుంచని కొందరు. యుద్ధ ట్యాంకు కూడా దీని చుట్టమే. 1915లో రహస్యం బయటపడకుండా నీళ్ల తొట్లు చేస్తున్నామని బ్రిటిష్ వాళ్లు పెట్టిన దొంగపేరది.

— తూము లేకపోతే చెరువు కాదా? మా గోదావరి జిల్లాలో మంచినీళ్ల చెరువుకి ఆయకట్టెక్కడిది? గేదెలు పడుకునేదీ చెరువే!

— నిజమేనండి, మీ వైపు అంతే. కానీ మ్యాపు మెట్టసీమది, మెట్ట మాటే ఉంచుతాను. నీలానికి కుంట, నల్ల సున్నాకి తొట్టి. ‘దొన’ పెట్టడానికి ఈ షీటులో ఒక్క రాతిగుంటా లేదు, అదొక్కటే బాధ.