మెక్‌డొనాల్డ్ టోల్ రోడ్లు ఎందుకు వద్దన్నాడు? కాస్త చెప్పండి

నేను సివిల్ ఫైనలియర్. వచ్చే వారం సెమినార్‌కి థామస్ మెక్‌డొనాల్డ్‌ను ఎంచుకున్నాను. అమెరికా కేంద్ర రోడ్ల శాఖను 1919 నుంచి 1953 దాకా, ఏకంగా 34 ఏళ్లు నడిపిన ఇంజనీరు. అంతకుముందు అయోవా రాష్ట్రంలో బురద రోడ్లతో కుస్తీ పట్టినవాడు.

నాకు చిక్కల్లా 1939 నివేదిక దగ్గరే. దేశం ఆ చివర నుంచి ఈ చివరకు టోల్ రోడ్లు వేస్తే వసూళ్లతో ఖర్చు రాదని ఆయన శాఖ తేల్చింది. మరి మన హైవేల మీద ఎక్కడ చూసినా టోల్ గేట్లే కదా! అప్పట్లో దూరప్రయాణాల ట్రాఫిక్ తక్కువ కావడమే కారణమా, ఇంకేమైనా ఉందా? మా గైడ్ పట్టుకునేది సరిగ్గా ఇక్కడే, ఒకటే టెన్షన్. హైవే ఇంజనీరింగ్ తెలిసినవాళ్లు ఎవరైనా తేలిక మాటల్లో చెప్తారా?