లాంకషైర్ హీలర్ కుక్క: చిన్న పిల్లలున్న ఇంట్లో పెంచొచ్చా?

నమస్తే అండీ. మేం ఇంగ్లండ్‌లో, లాంకషైర్ జిల్లా ప్రెస్టన్‌లో ఉంటాం, బాబుకి 9, పాపకి 4. మావారు కొలీగ్ ఇంట్లో లాంకషైర్ హీలర్‌ని చూసొచ్చారు, అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గొడవ, కొందాం కొందాం అని. 10, 12 అంగుళాల ఎత్తేగా అంటారు. కానీ అది పశువుల్ని తోలే కుక్క, మడమలు పట్టుకుంటుందని విన్నా, మా పాపేమో ఒక్కచోట నిలబడదు. పెంచినవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్.

> మాకు ఐదేళ్ళ ఆడ హీలర్ ఉందండి. మీరు విన్నది నిజమే. అది మీ జిల్లా కుక్కే, ఓర్మ్స్‌కిర్క్ వైపు ఆవుల మడమలు కొరికి తోలడానికి పెంచిన జాతి, కోపంతో చేసేది కాదు, పరిగెత్తే కాలు కనపడితే దానికి ఆగదంతే. మా అబ్బాయి మొదట్లో కేకలేస్తూ పరిగెత్తేవాడు, అది ఆట అనుకుని ఇంకా వెంటపడేది. తర్వాత మేం నేర్పింది ఏంటంటే అది రాగానే కదలకుండా నిలబడటం, దాని నోటికి తాడు బొమ్మ ఇవ్వడం, వదిలితే మెచ్చుకుని చిన్న ముక్క పెట్టడం. ఇంట్లో అందరూ ఇలాగే చెయ్యాలి, ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటికే. రెండు నెలలు పట్టింది మాకు. పాపకి నాలుగేళ్ళే కాబట్టి పాపనీ కుక్కనీ మాత్రం ఒంటరిగా వదలకండి.
>
> నేను గట్టిగా చెప్పేది కళ్ళ గురించి. ఈ జాతిలో పీఎల్ఎల్ అని వంశపారంపర్యంగా వచ్చే కంటి జబ్బు ఉంది, కంట్లో లెన్స్‌ని పట్టుకున్న సన్నటి పోగులు తెగి లెన్స్ జారిపోతుంది, ప్రెషర్ పెరిగి చూపే పోవచ్చు, పైగా మామూలుగా మూడేళ్ళు దాటాక గానీ బయటపడదు, అప్పటికి అది ఇంట్లో మనిషైపోయి ఉంటుంది. డీఎన్ఏ టెస్ట్ ఉంది. తల్లిదండ్రుల్లో ఒకటైనా క్లియర్, అంటే ఆ జబ్బు జీన్ లేనిదైతే, పప్పీకి అది రెండు వైపుల నుంచీ రాదు, అలా వస్తేనే అసలు ముప్పు. ఆ రిపోర్ట్ చూపించకపోతే పప్పీ ఎంత ముద్దుగా ఉన్నా లేచి వచ్చేయండి. తల్లితో కలిపి చూపించడం కూడా ఇక్కడ చట్టమే.

థాంక్యూ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పప్పీలు తొందరగా దొరుకుతాయా? మా అత్తగారు పెరుగన్నం పెడతా అంటున్నారు, పర్లేదా?

> వెయిటింగ్ ఉంటుందండి. కుక్కల జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ వాళ్ళు దీన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల లిస్టులో పెట్టారు, ఏడాదికి పుట్టేవే తక్కువ. తొందరపడి యాడ్ చూసి డబ్బు కట్టకండి.
>
> ఉప్పు, పోపు లేని పెరుగన్నం ఎప్పుడైనా ఒక ముద్ద పర్లేదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కలిపిన ముద్ద మాత్రం అస్సలు వద్దు, అత్తయ్యగారికి ముందే చెప్పండి. ఇంకోటి, పాయసంలో కిస్మిస్ తిన్నదంటే వాంతులు అయ్యేదాకా చూడొద్దు, వెంటనే వెట్‌కి ఫోన్ చెయ్యండి.